ఐపీవీ4 నుంచి ఐపీవీ6కు మారే దశలో నెట్‌వర్క్ ట్రాఫిక్ భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ నెట్‌వర్క్‌లను, సర్వర్లను రోజూ చూసుకునేవారి కోసం రాసినది. ఇంటర్నెట్‌లో యంత్రాలు ఒకదానినొకటి చేరుకునే పాత పద్ధతి ఐపీవీ4, కొత్త పద్ధతి ఐపీవీ6; ఈ రెండు ప్రోటోకాళ్లూ పక్కపక్కనే నడుస్తున్న కాలంలో ట్రాఫిక్ ఎక్కడ కాపలా తప్పించుకుంటుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పడమే దీని పని. ఐపీవీ6 చిరునామాలను ఎలా రాయాలి, ఎలా పంచుకోవాలి అన్న ప్రాథమిక పాఠాలు ఇందులో లేవు.

మేము ఇంకా ఐపీవీ6 మొదలుపెట్టనే లేదు. మాకు ఈ జాగ్రత్తలు ఎందుకు?

మీరు మొదలుపెట్టకపోయినా మీ యంత్రాలు ఎప్పుడో మొదలుపెట్టేశాయి. విండోస్ విస్టా నాటి నుంచి విండోస్‌లోనూ, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లలోనూ ఐపీవీ6 ఎవరూ అడగకుండానే పనిచేస్తూ ఉంటుంది. కేబుల్ తగిలించగానే ప్రతి యంత్రమూ తనకు తానే ఎఫ్‌ఈ80తో మొదలయ్యే ఒక స్థానిక చిరునామా ఇచ్చుకుని, దగ్గరలో రౌటర్ ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పకపోవడం వల్లే మీ నెట్‌వర్క్‌లో ఐపీవీ6 లేదని మీకు అనిపిస్తోంది. రేపు ఎవరైనా జవాబు చెబితే ఆ యంత్రాలన్నీ వారినే రౌటర్‌గా నమ్ముతాయి. పైగా చిరునామాల ఎంపిక నియమాల ప్రకారం, రెండు దారులూ ఉన్నప్పుడు చాలా వ్యవస్థలు ఐపీవీ6 దారికే మొగ్గు చూపుతాయి. ఐపీవీ4 మాత్రమే ఉందనుకునే నెట్‌వర్క్‌లలో ఐపీవీ6 తెచ్చే చిక్కుల గురించి 2014 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 7123 అని ప్రత్యేకంగా ఒక పత్రమే వెలువడింది.

కాబట్టి ఐపీవీ6 ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఉన్నదాన్ని ఎవరైనా చూస్తున్నారా అన్నదే ప్రశ్న.

ఈ మార్పు ఇన్నేళ్లుగా ఎందుకు సాగుతోంది?

ఐపీవీ4 చిరునామా 32 బిట్లు, ఐపీవీ6 చిరునామా 128 బిట్లు. ఒకటి మాత్రమే తెలిసిన యంత్రం రెండోది మాత్రమే తెలిసిన యంత్రంతో నేరుగా మాట్లాడలేదు. ఐపీవీ6 ప్రమాణం 1998 డిసెంబరులోనే వచ్చింది, ప్రపంచ స్థాయి ఐపీవీ4 నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది, అయినా చిరునామాలను పంచుకుని వాడుకునే పద్ధతుల వల్ల పాతది బతికే ఉంది. ఆ కారణంగా రెండింటినీ కలిపే రకరకాల వంతెనలు పుట్టుకొచ్చాయి. భద్రత చిక్కులలో ఎక్కువ భాగం ఈ వంతెనల దగ్గరే ఉన్నాయి.

రెండు ప్రోటోకాళ్లనూ కలిపి నడిపే డ్యూయల్ స్టాక్ పద్ధతిలో అసలు ప్రమాదం ఎక్కడుంది?

నియమాలు ఒకవైపే రాయడంలో ఉంది. డ్యూయల్ స్టాక్ అంటే ఒకే తీగ మీద రెండు నెట్‌వర్క్‌లు నడపడమే. కాపలా కూడా రెండింటికీ పెట్టాలి.

కొన్నేళ్ల క్రితం నేను చూసుకుంటున్న ఒక డేటాబేస్ సర్వర్‌లో ఇది నాకు బాగా అనుభవమైంది. ఐపీవీ4కు మాత్రమే కాపలా కాసే లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో నియమాలన్నీ నేనే రాశాను. డేటాబేస్ వినే 3306 పోర్ట్ రెండు అప్లికేషన్ సర్వర్లకు తప్ప అందరికీ మూసి ఉందని నిశ్చింతగా ఉన్నాను. అనుమతి లేని మరో యంత్రం నుంచి సహోద్యోగి ఒకరు సర్వర్ పేరుతో ప్రయత్నిస్తే డేటాబేస్ వెంటనే స్వాగత సందేశం పంపింది. అదే యంత్రం నుంచి ఐపీవీ4 చిరునామాతో ప్రయత్నిస్తే మాత్రం ఏ స్పందనా లేదు. సర్వర్‌లో తెరిచి ఉన్న పోర్ట్‌లను చూపే ఎస్‌ఎస్ కమాండ్ నడిపితే 3306కు ముందు ఒక నక్షత్రం గుర్తు కనిపించింది, అంటే ఆ ప్రోగ్రామ్ రెండు ప్రోటోకాళ్ల మీదా వింటోందన్నమాట. ఐపీవీ6 నియమాలు ఉండే ఐపీ6టేబుల్స్ జాబితా అడిగితే వచ్చినవి శీర్షికలు తప్ప మరేమీ లేని మూడు గొలుసులు: ఇన్‌పుట్, ఫార్వర్డ్, అవుట్‌పుట్, మూడింటికీ ఎదుట యాక్సెప్ట్, అంటే అన్నింటినీ రానివ్వు అనే విధానం. వీధి గుమ్మానికి తాళం వేసి, దొడ్డి తలుపు బార్లా తెరిచిపెట్టిన పని నాదే. నెట్‌వర్క్ బృందం కొంతకాలం ముందు ఆ విభాగానికి ఐపీవీ6 ఇచ్చింది, సర్వర్ పేరుకు ఐపీవీ6 చిరునామా రికార్డు కూడా చేరింది, ఆ రెండు సంగతులూ నా చెవిన పడలేదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. లినక్స్‌లో వేర్వేరు పట్టికలకు బదులు ఎన్ఎఫ్‌టేబుల్స్‌లోని ఐనెట్ కుటుంబంలో ఒకే పట్టిక రాస్తాను. అందులో పోర్ట్‌ను బట్టి రాసిన నియమం రెండు ప్రోటోకాళ్లకూ వర్తిస్తుంది. చిరునామాను బట్టి రాసే నియమం ఏదైనా సరే, దానికి జంట లేకుండా ఆమోదించను. ఏ నియమాన్ని పరీక్షించినా బయటి నుంచి రెండు చిరునామాలతోనూ పరీక్షిస్తాను. చొరబాట్లను పసిగట్టే పరికరాలు, ట్రాఫిక్ లెక్కలు, ప్రాక్సీలు, సర్వర్‌లో అడ్మిన్ పేజీకి పెట్టిన చిరునామా ఆంక్షలు, అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. ఇందులో చివరిదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

ఐపీవీ6లో నాట్ ఉండదు కదా, లోపలి యంత్రాలన్నీ బయటపడిపోవా?

నాట్ పని, లోపలి యంత్రాల చిరునామాను సరిహద్దులో మార్చడం. దాని వల్ల రక్షణ దొరుకుతున్నట్టు అనిపించడానికి కారణం, లోపలి నుంచి మొదలైన సంభాషణల జాబితాను అది గుర్తుపెట్టుకోవడం, ఆ జాబితాలో లేనిదాన్ని లోపలికి పంపలేకపోవడం. సంభాషణల స్థితిని గుర్తుపెట్టుకునే ఫైర్‌వాల్ ఇదే పనిని చిరునామా మార్చకుండానే చేస్తుంది. లోపలి నుంచి వెళ్లినదానికి జవాబును రానివ్వడం, బయటి నుంచి కొత్తగా వచ్చేదాన్ని ఆపడం అనే ఒక్క విధానాన్ని సరిహద్దు రౌటర్‌లో పెడితే పాత రక్షణ అలాగే ఉంటుంది. అయితే ఇళ్లలో, చిన్న కార్యాలయాలలో వాడే రౌటర్లు కొన్ని ఐపీవీ6కు ఈ విధానాన్ని ముందుగా అమర్చకుండానే వస్తాయి, కాబట్టి సెట్టింగ్‌ను కళ్లతో చూసే నమ్మాలి.

ఐపీవీ6లో ఐపీసెక్ తప్పనిసరి కాబట్టి ట్రాఫిక్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుందని విన్నాము. నిజమేనా?

కాదు. ఐపీవీ6 యంత్రాలలో ప్యాకెట్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఐపీసెక్ సదుపాయం ఉండి తీరాలని ఒకప్పుడు ప్రమాణాలు చెప్పిన మాట వాస్తవమే, కానీ ఉండాలనడం వేరు, వాడాలనడం వేరు. ఆ తప్పనిసరిని కూడా 2011 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6434 సిఫారసు స్థాయికి తగ్గించింది. టీఎల్‌ఎస్, ఎస్‌ఎస్‌హెచ్ వంటి ఎన్‌క్రిప్షన్ పద్ధతులు ఐపీవీ4 మీద ఎంత అవసరమో ఐపీవీ6 మీదా అంతే అవసరం.

దొంగ రౌటర్ ప్రకటన అంటే ఏమిటి? దాన్ని ఎలా ఆపాలి?

ఐపీవీ6లో రౌటర్ తన ఉనికిని తానే చాటుకుంటుంది. యంత్రాల మధ్య నెట్‌వర్క్ సమాచారాన్ని, లోపాలను తెలిపే ఐసీఎంపీవీ6లో 134వ రకం సందేశం అందుకు ఏర్పాటైనది. ఒక ప్యాకెట్‌ను పట్టి చూడండి: పంపినవారి చిరునామా ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది, హాప్ పరిమితి (ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చన్న లెక్క) 255, రౌటర్‌గా నన్ను ఇన్ని సెకన్ల పాటు నమ్మవచ్చు అనే గడువు, సాధారణంగా 1800, ఆ తర్వాత ఈ ఉపసర్గతో (చిరునామా మొదటి భాగంతో) చిరునామా తయారుచేసుకోండి అనే సూచన, చాలాసార్లు పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా కూడా. ఇందులో సంతకం లేదు, రుజువు లేదు. హాప్ పరిమితి 255 ఉండాలన్న షరతు వల్ల దూరం నుంచి ఎవరూ దీన్ని పంపలేరు, కానీ అదే స్విచ్‌కు తగులుకుని ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా పంపగలదు. పంపిన మరుక్షణం చుట్టుపక్కల యంత్రాల బయటి ట్రాఫిక్ ఆ ల్యాప్‌టాప్ మీదుగా వెళ్లడం మొదలవుతుంది. దీనితో పాటు, యంత్రాలకు సెట్టింగ్‌లు పంచే డీహెచ్‌సీపీవీ6 సర్వర్‌కు దొంగ రూపం అనే మరో దారి ఉంది. అందులో దాడి చేసేవారు రౌటర్ వేషం కూడా వేయకుండా, డీఎన్‌ఎస్ సర్వర్‌ను నేనే అని చెప్పుకుని పేర్లకు తప్పుడు జవాబులు ఇస్తారు.

ప్రతిసారీ దాని వెనుక దురుద్దేశమే ఉంటుందని కూడా అనుకోవద్దు. ఇంటర్నెట్ కనెక్షన్‌ను పంచే సెట్టింగ్ తెలియకుండా ఆన్ అయిపోయిన ల్యాప్‌టాప్‌లు ఈ ప్రకటనలు పంపి మొత్తం అంతస్తుకు ఇంటర్నెట్ పోగొట్టిన సందర్భాలు నెట్‌వర్క్ నిర్వాహకులకు కొత్త కావు.

అడ్డుకునే స్థలం స్విచ్. ఆర్‌ఏ గార్డ్ అనే సదుపాయం రౌటర్ ఉన్న పోర్ట్ నుంచి తప్ప మరే పోర్ట్ నుంచీ ఈ ప్రకటనలను రానివ్వదు. దొంగ డీహెచ్‌సీపీవీ6 సర్వర్‌కు కూడా ఇలాంటి కవచమే ఉంది. అయితే ఆర్‌ఏ గార్డ్ తొలి అమలులలో ఒక లొసుగు బయటపడింది. ప్రకటన ముందు అదనపు హెడర్లు తగిలించి, దాన్ని ముక్కలుగా పంపితే మొదటి ముక్కలో ఐసీఎంపీవీ6 భాగమే కనిపించకపోవడంతో స్విచ్ దాన్ని గుర్తించలేకపోయేది. 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7113 ఈ లొసుగును వివరించి, హెడర్ల గొలుసు మొత్తం మొదటి ముక్కలోనే లేకపోతే ఆ ప్యాకెట్‌ను పడేయమంది. మీ స్విచ్ సాఫ్ట్‌వేర్ ఈ మాట పాటిస్తుందో లేదో ఉత్పత్తి పత్రాలలో వెతకండి; ఆర్‌ఏ గార్డ్ ఉంది అన్న ఒక్క ముక్కతో తృప్తిపడవద్దు. ఈ సందేశాలకు సంతకం జోడించే సెండ్ అనే పద్ధతి 2005 నుంచీ కాగితం మీద ఉంది గానీ, సాధారణ వ్యవస్థలు దాన్ని పట్టించుకోలేదు కనుక దాని మీద ఆశ పెట్టుకోనవసరం లేదు.

వీపీఎన్ వాడుతున్నా ట్రాఫిక్ బయటికి కారుతుందంటారు. అదెలా?

వీపీఎన్ ఐపీవీ4 దారిని మాత్రమే తన చేతిలోకి తీసుకుంటే ఇది జరుగుతుంది. వినియోగదారు ఉన్న చోట ఐపీవీ6 ఉందనుకోండి. ఒక వెబ్‌సైట్ పేరుకు రెండు రకాల చిరునామాలూ వస్తాయి, బ్రౌజర్ ఐపీవీ6ను ఎంచుకుంటుంది, ఆ చిరునామాకు వీపీఎన్ దగ్గర దారే లేదు కాబట్టి ప్యాకెట్లు మామూలు దారిన వెళ్లిపోతాయి. తెర మీద మాత్రం వీపీఎన్ ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది, ఎక్కడా ఒక్క హెచ్చరిక కూడా రాదు. పైన చెప్పిన దొంగ ప్రకటనతో దాడి చేసేవారు ఈ కారడాన్ని కావాలని కూడా కల్పించగలరు.

ఉత్తమ పరిష్కారం, వీపీఎన్ రెండు ప్రోటోకాళ్లనూ మోయడం. అది వీలు కాకపోతే వీపీఎన్ నడుస్తున్నంతసేపూ యంత్రంలో ఐపీవీ6ను ఆపాలి. ఆపేటప్పుడు ప్యాకెట్‌ను మౌనంగా పడేయకుండా గమ్యం చేరలేమన్న జవాబు ఇస్తే, అప్లికేషన్లు ఆలస్యం లేకుండా ఐపీవీ4కు మళ్లుతాయి. పరీక్ష తేలిక: వీపీఎన్ ఆన్ చేసి, భౌతిక ఇంటర్‌ఫేస్ మీద ప్యాకెట్లను పట్టి, వీపీఎన్ సర్వర్‌కు వెళ్లేవి కాక మరే ఐపీవీ6 ప్యాకెట్ అయినా బయటి చిరునామాకు పోతోందేమో చూడాలి. డీఎన్‌ఎస్ ప్రశ్నలు కూడా అందులో భాగమే.

టన్నెల్‌లను ఎలా గుర్తించాలి, ఏం చేయాలి?

ఐపీవీ6 ప్యాకెట్‌ను ఐపీవీ4 ప్యాకెట్ పొట్టలో పెట్టి పంపడమే టన్నెల్. బయటి పొరను మాత్రమే చూసే ఫైర్‌వాల్‌కు లోపల ఏముందో తెలియదు. సరిహద్దులో వెతకవలసిన గుర్తులు రెండు. మొదటిది, ఐపీవీ4 హెడర్‌లో ప్రోటోకాల్ సంఖ్య 41. చేత్తో అమర్చిన టన్నెల్‌లు, 6టు4, ఇసాటాప్ అనే ఆటోమేటిక్ టన్నెల్‌లు అన్నీ దీని కిందికే వస్తాయి. ఇది టీసీపీ పోర్ట్ 41 కాదు, ఆ పొరపాటుతో రాసిన నియమాలను నేను ఒకటికి రెండుసార్లు చూశాను. రెండోది, నాట్‌ను దాటేందుకు యూడీపీని వాడే టెరెడో. దాని సర్వర్లు వినేది 3544 పోర్ట్ మీద. కావాలని మీరు పెట్టుకున్నవి తప్ప మిగతావాటిని లోపలికీ బయటికీ ఆపేయవచ్చు. 6టు4 రిలేల కోసం కేటాయించిన ఉమ్మడి చిరునామాను 2015లోనే ప్రమాణాల నుంచి విరమించారు, కనుక దాన్ని ఆపడానికి సంకోచించనక్కరలేదు.

మీరే టన్నెల్ నడుపుతుంటే మరొక సంగతి గమనించాలి. ప్రోటోకాల్ 41 టన్నెల్‌లో ఎన్‌క్రిప్షనూ లేదు, పంపినవారు ఎవరన్న రుజువూ లేదు. అవతలి కొస ఐపీవీ4 చిరునామాను ఎవరైనా నకిలీగా పెట్టి పంపితే, మీ కొస ఆ ప్యాకెట్‌ను విప్పి లోపలి నెట్‌వర్క్‌కు అందించేస్తుంది. అవతలి కొస నుంచి వచ్చినవాటినే అంగీకరించాలి, విప్పిన తర్వాత లోపలి ప్యాకెట్‌ను మళ్లీ ఫైర్‌వాల్ గుండా పంపాలి, వీలైతే టన్నెల్‌నే ఐపీసెక్ లేదా వైర్‌గార్డ్‌లో నడపాలి.

ఐసీఎంపీవీ6 మొత్తాన్ని ఆపేస్తే సురక్షితం కాదా?

ఆపేస్తే ఐపీవీ6 పనిచేయదు. పొరుగు యంత్రాలను కనుక్కోవడం, రౌటర్‌ను కనుక్కోవడం, చిరునామా మరొకరి దగ్గర లేదని నిర్ధారించుకోవడం అన్నీ దాని మీదే నడుస్తాయి. పైగా ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ప్యాకెట్లను ముక్కలు చేయవు. ప్యాకెట్ పెద్దదైతే 2వ రకం సందేశం పంపి ఊరుకుంటాయి. ఆ సందేశాన్ని ఆపేశారంటే విచిత్రమైన లక్షణాలు కనిపిస్తాయి: ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అవుతారు, చిన్న కమాండ్లు పనిచేస్తాయి, పెద్ద ఫైల్ జాబితా అడగగానే తెర బిగుసుకుపోతుంది. టన్నెల్‌లు ఉన్న చోట ప్యాకెట్‌కు దొరికే చోటు ఇంకా తగ్గుతుంది కాబట్టి ఈ సమస్య అక్కడే ఎక్కువ. 1 నుంచి 4 వరకూ ఉన్న లోప సందేశాలను రానివ్వండి. 133 నుంచి 136 వరకూ ఉన్నవాటిని స్థానిక లింక్ దాటనివ్వకండి. వివరాలకు ఆర్‌ఎఫ్‌సీ 4890 ఇప్పటికీ మంచి ఆధారం.

నాట్64, డీఎన్‌ఎస్64 వాడితే ఎన్‌క్రిప్షన్ దెబ్బతింటుందా?

ఐపీవీ6 మాత్రమే ఉన్న యంత్రాలు ఐపీవీ4 సర్వర్లను చేరేలా నాట్64 చిరునామాలను అనువదిస్తుంది, డీఎన్‌ఎస్64 ఆ సర్వర్ల పేర్లకు ఐపీవీ6 చిరునామా కల్పిస్తుంది. టీఎల్‌ఎస్‌కు ఏమీ కాదు, ఎందుకంటే నాట్64 మార్చేది చిరునామాల పొరనే తప్ప లోపలి సమాచారాన్ని కాదు. ఐపీసెక్‌లో హెడర్‌ను కూడా కలిపి ధ్రువీకరించే ఏహెచ్ పద్ధతి మాత్రం చెడిపోతుంది. డీఎన్‌ఎస్ జవాబులకు సంతకం జోడించే డీఎన్‌ఎస్‌సెక్ విషయంలో ఇంకాస్త సూక్ష్మమైన చిక్కు ఉంది: డీఎన్‌ఎస్64 చేసే పని లేని రికార్డును కల్పించడమే కాబట్టి, సంతకాన్ని స్వయంగా సరిచూసుకునే యంత్రం ఆ జవాబును నకిలీగా భావించి తిరస్కరిస్తుంది. అలాంటి యంత్రానికి నాట్64 ఉపసర్గను తెలియజేసి, కల్పన అక్కడే జరిగేలా చూడాలి; 2020 నుంచి ఆ ఉపసర్గను రౌటర్ ప్రకటనలోనే పంపే వీలుంది.

భద్రత కోణంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. నాట్64లో ఐపీవీ4 చిరునామా 64:ఎఫ్‌ఎఫ్‌9బి::/96 వంటి ఉపసర్గ చివర ఒదిగి ఉంటుంది. నిషేధించిన ఐపీవీ4 చిరునామాల జాబితా మీ ఫైర్‌వాల్‌లో ఉన్నా, ఆ ఫైర్‌వాల్ నాట్64కు ముందు ఉంటే దానికి కనిపించేది ఐపీవీ6 చిరునామా మాత్రమే. అది జాబితాలో ఉండదు, ప్యాకెట్ సాఫీగా వెళ్లిపోతుంది. జాబితాను అనువాదం జరిగిన తర్వాత అమలుచేయండి. అలాగే అనువాదం ద్వారా మీ సొంత ప్రైవేట్ ఐపీవీ4 చిరునామాలకు చేరే దారిని మూసివేయండి, నాట్64ను మీ వినియోగదారులు తప్ప బయటివారు వాడకుండా చూడండి.

లాగ్‌లలో, నిషేధ జాబితాలలో ఏం మార్చాలి?

మొదట డేటాబేస్‌లో చిరునామా పెట్టే గడి వెడల్పు చూడండి. 15 అక్షరాలకు కట్టిన గడిలో ఐపీవీ6 చిరునామా పట్టదు. చివర ఐపీవీ4 రూపం ఉన్న రాతనూ కలుపుకుంటే 45 అక్షరాలు కావాలి. తర్వాత, ఒకే చిరునామాను పలు విధాలుగా రాయవచ్చు కాబట్టి పోల్చే ముందు అన్నింటినీ ఒకే రూపానికి తేవాలి. డ్యూయల్ స్టాక్ సర్వర్లలో ఐపీవీ4 వినియోగదారు కూడా ::ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్:192.0.2.10 అన్న వేషంలో కనిపించవచ్చు; మీ ఆంక్ష 192.0.2.10 అన్న అక్షరాల కోసమే చూస్తుంటే అది దాటిపోతుంది.

నిషేధం విషయంలో ఒక్కొక్క ఐపీవీ6 చిరునామాను ఆపడం దండగ పని. సాధారణ ఇంటి కనెక్షన్‌కే కనీసం ఒక /64 (మొదటి 64 బిట్లు ఒకటిగా ఉండే చిరునామాల గుంపు) దొరుకుతుంది, అందులోంచి ప్రతి ప్రయత్నానికీ కొత్త చిరునామా వాడవచ్చు. లెక్క /64 స్థాయిలో పెట్టుకోవాలి, అవసరాన్ని బట్టి /56 వరకూ వెళ్లాలి. ఇందుకు భిన్నంగా, పంచుకున్న ఐపీవీ4 చిరునామా వెనుక వందల మంది ఉండవచ్చు. అక్కడ చిరునామాతో పాటు సోర్స్ పోర్ట్, కచ్చితమైన సమయం లాగ్‌లో లేకపోతే తర్వాత ఎవరినీ గుర్తించలేరు.

ఇంత పెద్ద చిరునామా పరిధిని ఎవరూ స్కాన్ చేయలేరు కదా?

సెకనుకు 10 లక్షల చిరునామాల చొప్పున వెతికినా ఒక /64 పూర్తవడానికి 5.8 లక్షల ఏళ్లకు పైగా పడుతుందన్న లెక్క సరైనదే. కానీ ఎవరూ అలా వెతకరు. నిర్వాహకులు సర్వర్లకు 1, 2, 3 అనో, పోర్ట్‌ను బట్టి 80, 443 అనో సంఖ్యలు ఇస్తారు. పేర్లు డీఎన్‌ఎస్‌లో దొరుకుతాయి. నెట్‌వర్క్ కార్డు హార్డ్‌వేర్ చిరునామా (ఎంఏసీ) నుంచి తయారైన చిరునామాలో, తయారీదారు తెలిస్తే, ఊహించవలసినవి 24 బిట్లే మిగులుతాయి. అంతేకాక స్కాన్ సఫలం కాకపోయినా నష్టం చేయగలదు: లేని చిరునామాలకు వరుసగా ప్యాకెట్లు వస్తే రౌటర్ ప్రతిదానికీ పొరుగువారిని అడుగుతూ తన పట్టికను నింపేసుకుంటుంది. ఆ అడగడానికి పరిమితి పెట్టండి, రెండు రౌటర్ల మధ్య లింక్‌లకు /127 వాడండి.

ఈ బాధలన్నీ లేకుండా ఐపీవీ6ను పూర్తిగా ఆపేయకూడదా?

తాత్కాలికంగా, తెలిసి చేస్తే తప్పు లేదు. 2024 ఆగస్టులో విండోస్ ఐపీవీ6 భాగంలో దూరం నుంచే కోడ్ నడిపించగల తీవ్రమైన లోపం బయటపడినప్పుడు, ప్యాచ్ వేసేలోగా ఐపీవీ6ను ఆపినవారు తెలివైన పనే చేశారు. శాశ్వత విధానంగా మాత్రం దాన్ని నేను సమర్థించను. విండోస్‌లో దాన్ని ఆపవద్దనీ, అవసరమైతే ఐపీవీ4కు ప్రాధాన్యం ఇచ్చే సెట్టింగ్ వాడమనీ మైక్రోసాఫ్టే చెబుతుంది. అదీకాక ప్రతి ఫోన్‌లో, ప్రింటర్‌లో, కెమెరాలో మీరు దాన్ని ఆపలేరు. ఆపలేని ఒక్క పరికరం చాలు.

పని ఏ వరుసలో మొదలుపెట్టాలి?

ముందు ఒక రోజంతా ప్రతి విభాగంలోనూ ఐపీవీ6 ప్యాకెట్లను, ప్రోటోకాల్ 41ను పట్టి చూడండి. లేదనుకున్న చోట ఏముందో అక్కడే తెలుస్తుంది. తర్వాత స్విచ్‌లలో ఆర్‌ఏ గార్డ్ పెట్టండి, సరిహద్దులో ఐపీవీ6కు అంతా మూసి ఉంచే విధానం పెట్టండి, ఆ తర్వాత ఐపీవీ4 నియమాలను ఒక్కొక్కటిగా అర్థం చేసుకుంటూ రెండో వైపు రాయండి. యంత్రంతో అనువదించి ఒక్కసారిగా అతికించే దారి త్వరగా అయిపోతుంది గానీ, ఐసీఎంపీ నియమాల దగ్గర తప్పకుండా బోల్తా కొట్టిస్తుంది. డీఎన్‌ఎస్‌లో ఐపీవీ6 చిరునామా రికార్డు చేర్చడం అన్నింటికంటే చివరి మెట్టు. ఆ రికార్డు చేరిన క్షణం నుంచే ప్రపంచం ఆ దారిన వస్తుంది కాబట్టి, దానికి ముందు బయటి ఐపీవీ6 కనెక్షన్ ఒకటి సంపాదించి, అక్కడి నుంచి మీ పోర్ట్‌లన్నింటినీ స్కాన్ చేయండి. ఆ జాబితా ఐపీవీ4 జాబితాతో సరిపోలకపోతే రికార్డు చేర్చడం వాయిదా వేయండి.